డెనబీ యునైటెడ్ – ఒక గని గ్రామపు ఆట చరిత్ర

విమర్శ వ్యాసాల పత్రికలో బంతాట గురించి రాయడమేమిటని పాఠకులు అడగవచ్చు. చాలాకాలం నేనూ ఆ ప్రశ్న అడిగినవాణ్ణే. కార్మికుణ్ణి సంఘానికి దూరం చేసి, శనివారం మధ్యాహ్నం మైదానం గట్టున నిలబెట్టే మత్తుమందే ఫుట్‌బాల్ అని నమ్మినవాణ్ణి. డెనబీ మెయిన్ అనే ఇంగ్లండు గని గ్రామం చరిత్ర చదివాక ఆ అభిప్రాయాన్ని సవరించుకోక తప్పలేదు. ఆ ఊరి జట్టు పేరు డెనబీ యునైటెడ్. 1895లో పుట్టింది, 2002లో అంతరించింది.

ముందు ఊరి సంగతి చెప్పుకోవాలి. దక్షిణ యార్క్‌షైర్‌లో, డాన్ నది దగ్గర, 1860ల దాకా అక్కడ పొలాలే ఉండేవి. బొగ్గు కోసం గని తవ్విన కంపెనీయే పనివాళ్లకు ఇళ్లు కట్టించింది. అంటే గనిలో కూలి ఇచ్చేదీ, ఇంటికి అద్దె వసూలు చేసేదీ ఒకే చెయ్యి. 1899లో ఒక క్రైస్తవ పత్రిక దీన్ని ఇంగ్లండులోకెల్లా అధ్వాన్నమైన గ్రామంగా లోకానికి పరిచయం చేసింది. ఊరిని ఆ స్థితిలో ఉంచినదెవరన్నది మనం అడగవలసిన ప్రశ్న.

దానికి జవాబు మూడేళ్లలోనే దొరికింది. బొగ్గు పొరల నడుమ ఉండే మట్టిని తీసి పారేసినందుకు సరైన కూలి దక్కడం లేదని 1902 జూన్ చివర గని కార్మికులు సమ్మె కట్టారు. 1903 జనవరిలో, గడ్డ కట్టే చలిలో, కంపెనీ పోలీసుల అండతో వాళ్లను ఇళ్లలోంచి వెళ్లగొట్టింది. ఆడవాళ్లు, పిల్లలు సామానుతో సహా వీధిన పడ్డారు. డేరాలలోనూ ప్రార్థనా మందిరాలలోనూ తలదాచుకున్నారు. సంఘం ఇస్తున్న సమ్మె భత్యాన్ని న్యాయస్థానం ఆపించింది. మార్చికల్లా సమ్మె ముగిసింది. కార్మికులు ఓడిపోయారు. తరువాత 1912 జూలై 9న, అదే కంపెనీకి చెందిన కేడ్‌బీ గనిలో పేలుళ్లు జరిగి 91 మంది చనిపోయారు. అందులో ఎక్కువమంది మొదటి పేలుడులో చిక్కినవారిని కాపాడడానికి దిగినవారే.

ఇటువంటి ఊళ్లో మనుషులు బంతాట ఆడారు. ఎందుకు ఆడారు? బాధ మరిచిపోవడానికే అంటే అది సగం నిజం. శనివారం మధ్యాహ్నం ఇంగ్లండు కార్మికుడికి ఎవరో దానం చేసినది కాదు. నూలు మిల్లులలో శనివారం పని రెండు గంటలకల్లా ఆపాలని 1850 నాటి చట్టం నిర్దేశించింది. ఆ చట్టం వెనుక ఏళ్ల తరబడి సాగిన పనిగంటల పోరాటం ఉంది. తక్కిన వృత్తులవారు కూడా క్రమంగా ఆ సగం పూటను సాధించుకున్నారు. ఇంగ్లండులో ఫుట్‌బాల్ పెరిగింది ఆ సగం పూటలోనే. 1920లో వచ్చిన గని చట్టం, తవ్విన ప్రతి టన్ను బొగ్గు మీద ఒక పెన్నీ చొప్పున కార్మిక సంక్షేమ నిధికి జమ చేయించింది. ఎన్నో గని గ్రామాలలో ఆట స్థలాలు, సమావేశ మందిరాలు ఆ పెన్నీలతో లేచినవే. మైదానం మీద గడ్డి కూడా పనివాడి చెమటతోనే మొలిచిందన్నమాట.

డెనబీ జట్టు చాలాకాలం మిడ్‌లాండ్ లీగులో ఆడింది. శామ్ కోవన్ అనే యువకుడు ఈ జట్టులో ఆడి, డాంకాస్టర్ రోవర్స్‌కు వెళ్లి, అక్కణ్ణుంచి మాంచెస్టర్ సిటీకి చేరాడు. 1934లో ఎఫ్.ఎ. కప్పు గెలిచిన ఆ జట్టుకు నాయకుడతనే. గని నుంచి బొగ్గు ఎలా బయటికి పోయిందో, ఆటగాళ్లూ అలాగే పెద్ద పట్టణాలకు పోయారు. అయినా ఊరి జట్టు ఊళ్లోనే మిగిలింది. 1958 నవంబరులో ఎఫ్.ఎ. కప్పు మొదటి రౌండులో ఓల్డ్‌హామ్ అథ్లెటిక్‌తో తలపడి ఓడిపోయింది.

1968లో డెనబీ గని మూతపడింది. 1986లో కేడ్‌బీ గని కూడా మూతపడింది. పనీ పోయింది, కూలీ పోయింది. డెనబీ గని పోయిన తరువాత కూడా జట్టు ముప్పై నాలుగేళ్లు బతికింది. నా పాత అభిప్రాయాన్ని కదిలించినది ఈ అంకెయే. మత్తుమందు అయితే అమ్మేవాడితో పాటే పోవాలి. ఇది కంపెనీ పోయాక కూడా నిలిచిందంటే, జనం దాన్ని తమదిగా చేసుకున్నారన్నమాట.

అయితే జట్టును పొగిడి ఊరుకోవడం చరిత్ర కాదు. ఇరుగుపొరుగు గని గ్రామాల మధ్య పోటీని ఈ ఆట పెంచింది. ఆడవాళ్లను చాలాకాలం గట్టునే నిలబెట్టింది. అంతకన్నా పెద్ద లోటు మరొకటుంది. టిక్‌హిల్ స్క్వేర్ మైదానంలో తరతరాలుగా ఆడిన జట్టుకు ఆ నేల మీద హక్కు లేదు. 2002లో ఆడుకునే చోటు చేజారింది, జట్టు రద్దయింది. 1903లో ఇల్లు తమది కాక వీధిన పడినవారి ఊళ్లోనే, తొంభై తొమ్మిదేళ్ల తరువాత, మైదానం తనది కాక జట్టు వీధిన పడింది.

ఈ రెండు వెళ్లగొట్టడాలనూ పక్కపక్కన పెట్టి చూడాలి. మనిషి తన తీరిక వేళను పోరాడి సంపాదించుకోగలడు. దానిలో పాటో, నాటకమో, ఆటో తానే సృష్టించుకోగలడు. కాని కాళ్లకింద నేల ఇంకొకరిదైనంతకాలం ఆ సృష్టికి భద్రత లేదు. కార్మిక సంస్కృతి గురించి మాట్లాడే మనం, ఆ సంస్కృతి నిలబడే స్థలం ఎవరిదని కూడా అడగడం నేర్చుకోవాలి.