లెక్కపెట్టి ఇప్పు: ఏడుపాయల బాటలో ఒక రిపేరు ముచ్చట

స్వర్ణోత్సవ సంచికకు వ్యాసం పంపమని కమిటీ మిత్రులు ఫోన్ చేసి, "నువ్వు ఇంజనీరువు గదా, ఏదన్నా టెక్నికల్ ముచ్చట రాయి" అన్నారు. ముప్పై ఏళ్ళుగా పటాన్‌చెరు వైపు కార్ఖానాల్లో యంత్రాల మెయింటెనెన్సు చూస్తున్నవాణ్ణి. పంపుల గురించో బాయిలర్ల గురించో రాయవచ్చు. కానీ ఈ సంచిక తిరగేసే మనలో సగం మంది బడికి సైకిలు తొక్కుకుంటూ వచ్చినవాళ్ళం, మిగతా సగం ఆ సైకిళ్ళ క్యారియర్ మీద కూచొని వచ్చినవాళ్ళం. అందుకని మన సైకిళ్ళ రిపేరు గురించి, దానితోపాటు ఇంట్లో జరిగే చిల్లర మరమ్మతుల గురించి రాస్తున్నాను. మన బడి చరిత్రలో హెడ్మాస్టర్ల పేర్లున్నాయి, ర్యాంకుల పట్టికలున్నాయి. మన సైకిళ్ళను నడిపించినవాళ్ళ మాట మాత్రం ఎక్కడా లేదు.

ముందు కొంచెం చరిత్ర. రెండు చక్రాలు సమానంగా ఉండి, వెనుక చక్రాన్ని చైను తిప్పే సైకిలును 1885లో ఇంగ్లండులో జాన్ కెంప్ స్టార్లీ తయారుచేశాడు. 1888లో బెల్‌ఫాస్టులో పశువుల డాక్టరుగా ఉన్న జాన్ బాయ్డ్ డన్‌లప్, కొడుకు మూడు చక్రాల బండి కోసం గాలి టైరు చేశాడు. పంచరు అన్న మాట అక్కడి నుంచే మొదలైందనుకోవాలి. మన దేశానికి చాలాకాలం ఇంగ్లండు సైకిళ్ళే వచ్చేవి. స్వాతంత్య్రం వచ్చాక 1949లో మద్రాసు దగ్గర అంబత్తూరులో టీఐ సైకిల్స్, 1951లో సోనీపత్‌లో అట్లాస్, 1956లో లుధియానాలో హీరో మొదలయ్యాయి. మా తరం మెదక్‌లో చూసిన సైకిళ్ళన్నీ దాదాపు ఇవే.

ఇక్కడ ఒక సంగతి గమనించాలి. కంపెనీలు వేరైనా సైకిలు మాత్రం ఒకటే. 28 అంగుళాల చక్రం, ముందు 32 పుల్లలు, వెనుక 40 పుల్లలు, అర అంగుళం పిచ్ చైను, కాటరు పిన్నుతో బిగించిన ప్యాడిలు. లుధియానా కాటరు పిన్ను అంబత్తూరు సైకిలుకు సరిపోయేది. అందుకే ఒక రేకు డబ్బా, ఒక పంపు, ఒక బేసిను నీళ్ళుంటే చెట్టు కింద దుకాణం పెట్టుకోవచ్చు. ఎంత మారుమూల ఊరైనా సైకిలు ఆగిపోయిందని మనిషి ఆగిపోయే అవసరం ఉండేది కాదు.

ఆ రేకు డబ్బాలోని పేర్లు కూడా చరిత్రే. పానా, పకడ్, పేచ్‌కస్, ఛర్రాలు. ఇవన్నీ ఉర్దూ నుంచి వచ్చినవి. నిజాం కాలంలో సర్కారు భాష, కార్ఖానా భాష ఉర్దూయే. మరమ్మతు అన్న మాటా అదే దారిలో వచ్చింది. తర్వాత పంచరు, సొల్యూషన్, రిమ్ము, ఫ్రీవీలు ఇంగ్లీషు నుంచి వచ్చి చేరాయి. పూర్తిగా ఇప్పి, కిరసనాయిలుతో కడిగి, గ్రీజు పెట్టి బిగించే ఓవర్‌హాలింగును మేము 'ఓరాయిలింగు' అనేవాళ్ళం. ఇంజనీరింగు కాలేజీలో చేరాక స్పానర్ అంటే పానాయే అని తెలిసి కొంచెం ధైర్యం వచ్చింది.

ఇంటి మరమ్మతులకూ సైకిలుకూ చుట్టరికం ఉంది. పాత ట్యూబు ముక్క ఎక్కడైనా పనికొచ్చేది. కారే నల్లాకు చుట్టేవాళ్ళం, మూటలు కట్టేవాళ్ళం, మాలాంటి పిల్లలం గులేరు చేసుకునేవాళ్ళం. ఇంకా దగ్గరి చుట్టం తోలు వాషరు. సైకిలు పంపులో గిన్నెలాంటి చిన్న తోలు వాషరు ఉంటుంది. కిందికి నొక్కినప్పుడు అది విచ్చుకొని గొట్టం గోడకు అతుక్కుంటుంది, గాలి తప్పించుకోలేదు. పైకి లాగినప్పుడు ముడుచుకొని పక్క నుంచి గాలిని లోపలికి రానిస్తుంది. అది ఎండిపోతే పంపు ఊరికే కొట్టుకుంటుంది, గాలి ఎక్కదు. నాలుగు చుక్కల నూనె వేసి మెత్తబరిస్తే మళ్ళీ పనిచేస్తుంది. పంపు స్టవ్వులోనూ, పెళ్ళిళ్ళలో వెలిగించే పెట్రోమాక్సు లైటులోనూ అదే వాషరు. వాడకట్టులోని బోరింగులో కూడా అలాంటిదే, కాస్త పెద్దది. మా అమ్మ బడి మొహం చూడలేదు. అయినా స్టవ్వు పంపు పట్టకపోతే వాషరు తీసి, కొబ్బరి నూనెలో నానబెట్టి, అంచు వేలితో విప్పదీసి పెట్టేది. ఆ పని వెనుక ఉన్న సూత్రం నాకు చాలా ఏళ్ళ తర్వాత హైడ్రాలిక్సు క్లాసులో తెలిసింది.

ఇక అసలు ముచ్చటకు వస్తాను.

మా నాయిన బట్టల వ్యాపారి అంటే పెద్ద మాట. సైకిలు వెనుక మూట కట్టుకొని ఊరూరూ తిరిగి తువ్వాళ్ళు, లుంగీలు, జాకెట్టు గుడ్డలు అమ్మేవాడు. ఏడాదిలో ఆయనకు పెద్ద గిరాకీ మూడు రోజులే, మహాశివరాత్రికి జరిగే ఏడుపాయల జాతర. మంజీర ఏడు పాయలుగా చీలి మళ్ళీ కలిసే చోట, బండల నడుమ వనదుర్గమ్మ గుడి మనందరికీ తెలిసిందే. అమ్మవారికి ఒడిబియ్యం పోసేవాళ్ళు జాకెట్టు గుడ్డ కొనాల్సిందే. ఆ మూడు రోజుల సంపాదన మీద మా ఇంట్లో చాలా లెక్కలు నడిచేవి. నా పరీక్ష ఫీజు అందులో ఒకటి.

1985 శివరాత్రి. నేను తొమ్మిదో తరగతి. దుకాణంలో ఓరాయిలింగు చేయిస్తే డబ్బులవుతాయని, ముందు రోజు సాయంత్రం నాయిన ఇంట్లో లేనప్పుడు నేనే వెనుక చక్రం ఇప్పాను. చాలాసార్లు దుకాణం దగ్గర నిలబడి చూసిన ధైర్యం. ఇరుసుకు అటు తొమ్మిది, ఇటు తొమ్మిది ఛర్రాలుంటాయి. కడుగుతుంటే ఒకటి మోరీలోకి దొర్లిపోయింది. చీకటి పడేదాకా వెతికాను, దొరకలేదు. ఒక వైపు ఎనిమిదే పెట్టి గ్రీజు మెత్తాను. చక్రం కొంచెం ఊగినట్టనిపించింది. ఊగకుండా కోనును గట్టిగా బిగించాను. చక్రం తిరిగింది. ఎవరికీ చెప్పలేదు.

మెదక్ నుంచి ఏడుపాయలకు రమారమి పదిహేను కిలోమీటర్లు. ముందు 44 పళ్ళ చక్రం, వెనుక 18 పళ్ళ ఫ్రీవీలు ఉన్న సైకిలు ఒక్కసారి ప్యాడిలు తిరిగితే ఐదున్నర మీటర్లు పోతుంది. అంటే సుమారు 2,700 సార్లు తొక్కాలి. మూట, ముందు దండె మీద నేను, తొక్కేది నాయిన. తెల్లవారుజామునే బయల్దేరాం. నాగ్సాన్‌పల్లి ఇంకా రాకముందే చక్రం కిర్రుమంది, తర్వాత బిగుసుకుపోయింది. నాయిన మూట నెత్తిన పెట్టుకున్నాడు. నేను వెనుక చక్రం ఎత్తి పట్టుకొని సైకిలు నడిపించాను. ఎడ్లబండ్లు, జనం మమ్మల్ని దాటి పోతున్నారు. పొద్దు పొడిచే గిరాకీ అంతా అలా దాటిపోతున్నదని నాకు తెలుస్తూనే ఉంది.

జాతర మొదట్లో చెట్టు కింద ఒక మెకానిక్ దుకాణం పెట్టాడు. పెద్దాయన, తెల్ల గడ్డం. చక్రం ఇప్పి, బేసినులో ఛర్రాలు కడిగి, గుడ్డ మీద పరిచాడు. ఒక వైపు తొమ్మిది. రెండో వైపు ఆరు మంచివి, రెండు ముక్కలైనవి.

"ఎవరిప్పిన్రు దీన్ని? తొమ్మిదుండాలె, ఎనిమిదే ఉన్నయ్."

నాకు నోరు పెగల్లేదు. నాయిన నా వైపు ఒక్కసారి చూశాడు. నా గోళ్ళలో గ్రీజు ఇంకా పోలేదు.

"నేనే ఇప్పిన భాయ్. లెక్క తప్పింది" అన్నాడు.

ఆ పెద్దాయనకూ నా గోళ్ళు కనబడే ఉంటాయి. ఏమీ అనలేదు. కప్పు, కోను గీతలు పడ్డాయని చూపించి కొత్తవి వేశాడు. డబ్బులు చాలవని నాయిన నసిగితే, "అమ్ముకొని రా, సాయంత్రం ఇద్దువు గని. పోరణ్ణి ఇక్కడ ఉంచు, గాలి కొడ్తడు" అన్నాడు. నాయిన మూటతో వెళ్ళిపోయాక నన్ను దగ్గరికి పిలిచి చెప్పాడు. "బేటా, లెక్కపెట్టి ఇప్పు. ఇప్పింది వరుసల పెట్టు. బిగించేటప్పుడు ఉల్టా వరుసల రా."

ఆ రోజంతా నేను గాలి కొట్టాను. జాతరలో ఏమేం చెడిపోతాయో ఆ రోజు చూశాను. పంచర్లు లెక్కలేనన్ని. వాల్ ట్యూబు తెగిన సైకిళ్ళు. ప్యాడిలు ఊగుతుంటే కాటరు పిన్ను కొట్టించుకునేవాళ్ళు. మాంటిల్ వెలగని పెట్రోమాక్సును ఒక మిఠాయి దుకాణం ఆయన తెచ్చాడు. తోలు వాషరుకు నూనె వేసి పంపించారు. తాళంచెవి పోగొట్టుకున్న ట్రంకు పెట్టె ఒకటి, తీగ తెగిన గొడుగు ఒకటి. ఏదీ కాదనలేదు ఆయన. ట్యూబును నీళ్ళల్లో ముంచి బుడగ వచ్చిన చోట పుల్లతో గుర్తు పెట్టడం, గరుకు కాగితంతో రుద్దడం నాకప్పగించాడు. సొల్యూషన్ రాసిన వెంటనే నేను ప్యాచీ అంటించబోతే చెయ్యి పట్టుకున్నాడు. "ఆరాలె. తడి మీద పెడితే పట్టదు." మెరుపు పోయి, వేలికి అంటీ అంటనట్టుండేదాకా ఆగాలి. నేను నేర్చుకున్న మొదటి ప్రాసెస్ కంట్రోల్ అదే.

సాయంత్రం నాయిన వచ్చి డబ్బు ఇచ్చాడు. ఆయన సగమే తీసుకున్నాడు, "పోరడు పని చేసిండు" అన్నాడు. తిరుగుబాటలో చీకట్లో చర్చి కనబడేదాకా నాయిన మాట్లాడలేదు. 1924లో కట్టడం పూర్తయిన ఆ 175 అడుగుల గోపురం కనబడితే మాకు ఇల్లు వచ్చినట్టే. అప్పుడన్నాడు: "పోయింది చెప్తే తిట్టేటోణ్ణి గంతే. చెప్పకపోతేనే చక్రం పోయింది."

ఇప్పుడు ఇంజనీరుగా ఆలోచిస్తే ఆయన చెప్పింది అక్షరాలా నిజం. ఎనిమిది ఛర్రాలతో కూడా చక్రం కొంతకాలం తిరుగుతుంది. పాడైంది నేను కోను అతిగా బిగించడం వల్ల. లోపాన్ని దాచడానికి వేసిన బిగింపు అది. కార్ఖానాలో షట్‌డౌన్ తర్వాత యంత్రం మూసేముందు నేను అడిగే మొదటి ప్రశ్న, ఇప్పిన బోల్టులెన్ని, పెట్టినవెన్ని అని. తక్కువైతే చెప్పినవాణ్ణి ఇంతవరకు తిట్టలేదు. ఆసుపత్రిలో ఆపరేషన్ ముగించేముందు దూది, గుడ్డ, కత్తెరలు లెక్కపెట్టేదీ ఇదే సూత్రం.

రెండో పాఠం, బాగుచేసే వీలును వస్తువు తయారుచేసేటప్పుడే పెట్టాలి. మన వాడకట్టుల్లోని బోరింగులే దీనికి సాక్ష్యం. 1970లలో యూనిసెఫ్ సాయంతో మన దేశంలో రూపొందిన ఇండియా మార్క్-2 చేతిపంపు గట్టిది, లక్షల ఊళ్ళకు నీళ్ళిచ్చింది. కానీ లోపలి వాషరు మార్చాలంటే గొట్టాలన్నీ పైకి లాగాలి. అంటే పట్నం నుంచి మనుషులు, సామాను రావాలి, అందాకా ఊరు ఎదురుచూడాలి. తర్వాత వచ్చిన మార్క్-3లో గొట్టాలు తీయకుండానే పిస్టన్ పైకి తీసేలా మార్చారు. ఊరివాళ్ళే బాగుచేసుకోగల పంపు అయింది. వాషరు అదే, దాన్ని ముట్టుకునే హక్కు చేతులు మారింది.

ఇప్పుడు దీన్ని 'రిపేరు హక్కు' అంటున్నారు. ఫ్రాన్సులో 2021 నుంచి కొన్ని ఎలక్ట్రానిక్ వస్తువుల మీద, అవి ఎంత సులువుగా బాగవుతాయో పదికి మార్కులు వేసి చూపించాలి. మన దేశంలో 2022లో వినియోగదారుల వ్యవహారాల శాఖ దీనిమీద కమిటీ వేసింది. మంచిదే. అయితే పెద్దాయన చెట్టు కింద దుకాణంలో ఆ హక్కు ఎవరూ ఇవ్వకుండానే ఉండేది. 2020 జూన్ 3న, సరిగ్గా ప్రపంచ సైకిలు దినం నాడు, అట్లాస్ సాహిబాబాద్ కార్ఖానా మూతపడిందని చదివినప్పుడు నాకు ఆ గుడ్డ మీద పరిచిన ఛర్రాలు కళ్ళముందు మెదిలాయి.

నాయిన పోయి పదకొండేళ్ళయింది. సైకిలు మెదక్ ఇంట్లో ఉంది, ఏడాదికోసారి నేనే ఓరాయిలింగు చేస్తాను. కాలేజీలో చేరాక రెండు జాతరలకు వెళ్ళి ఆ చెట్టు కింద వెతికాను. ఆయన లేడు. రోజంతా పక్కన కూచొని పని నేర్చుకున్న నేను ఆయన పేరే అడగలేదు.

అందుకే సంఘానికి రెండు విన్నపాలు. మనం చదివే రోజుల్లో టైంటేబుల్లో పని అనుభవం పీరియడు ఉండేది. అది చాలాసార్లు లెక్కల పీరియడైపోయేదని మీకూ గుర్తుండే ఉంటుంది. నెలకొక శనివారం పిల్లలు ఇంట్లో చెడిపోయిన వస్తువేదైనా తెచ్చి ఇప్పి చూసే వీలు మన బడిలో కల్పించుకుందాం. పానాల డబ్బా నేనిస్తాను, వచ్చి కూచుంటాను కూడా. రెండోది, మీ సైకిలు బాగుచేసిన మనిషి పేరు, దుకాణం ఉన్న చోటు మీకు గుర్తుంటే, వాళ్ళ ఇంటివాళ్ళను అడిగి, వాళ్ళు సరేనంటే రాసి సంఘానికి పంపండి. వచ్చే సంచికలో హెడ్మాస్టర్ల పట్టిక పక్కన ఆ పట్టిక కూడా అచ్చువేద్దాం. నా వంతు వరుసలో పేరు ఖాళీగానే ఉంటుంది. 'ఏడుపాయల బాట, చెట్టు కింద, 1985' అని మాత్రం రాయండి.