ట్యాంక్‌బండ్: చెరువుకట్ట విహారవీధి అయిన తీరు

హైదరాబాదు ట్యాంక్‌బండ్ మీద వచ్చిన రచనలు చాలావరకు 1986 చుట్టూనే తిరుగుతాయి. ఎన్.టి. రామారావు పెట్టించిన 33 విగ్రహాలలో ఎవరికి చోటు దక్కింది, ఎవరికి దక్కలేదు, 2011లో తెలంగాణ ఉద్యమంలోని మిలియన్ మార్చ్‌లో కొన్ని ఎందుకు కూలాయి అన్నదే చర్చ. విగ్రహాలను మోస్తున్న కట్ట ఊసు మాత్రం ఉండదు. నాలుగు శతాబ్దాలకు పైగా నీటిని ఆపిన కట్టను పీఠంగా కుదించడం చరిత్రకు అన్యాయం.

ఈ ధోరణి వెనకున్న వాదం ఒక్కటే: ఈ వీధిని పాలకుల అభిరుచి తీర్చిదిద్దిందని. 1946లో దివాన్ మీర్జా ఇస్మాయిల్ వెడల్పు చేయించారు, తర్వాత విగ్రహాలొచ్చాయి, 1992 డిసెంబరులో బుద్ధవిగ్రహం నిలిచింది అని వరుస చెబుతారు. మరి వీధికి ఈ హంగులన్నీ ఇరవయ్యో శతాబ్దపు నడిమి నుంచే ఎందుకు మొదలయ్యాయి? మైసూరులో, జైపూరులో నగరాలను అలంకరించిన ఇస్మాయిల్ అభిరుచితోనే సరిపెడితే జవాబు దొరకదు.

జవాబు నీళ్లలో ఉంది. ఇబ్రహీం కుతుబ్‌షా కాలంలో, 1562 ప్రాంతంలో, హుస్సేన్ షా వలీ పర్యవేక్షణలో, ఈ కట్ట ఆపే హుస్సేన్‌సాగర్ చెరువును కట్టారు. మూసీ నుంచి కాలువ తీసి నింపారు. ఈ నీరు నగరం తాగింది. 1908 మూసీ వరద తర్వాత కథ మారింది. వరదను ఆపడానికీ నగరానికి నీరివ్వడానికీ ఎగువన రెండు జలాశయాలు కట్టారు: 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ పూర్తయ్యాయి. 1930 ప్రాంతానికి హుస్సేన్‌సాగర్ తాగునీటి బాధ్యత తీరిపోయింది. పనిచేసే చెరువుకు కాపలా కావాలి; పని తీరిన చెరువుకు చూపరులు చాలు. ఇస్మాయిల్‌కు దొరికింది ఈ రెండో చెరువు.

కట్టను కింది నుంచి చూస్తే మాత్రం, తాగునీటి పని తీరినా కట్ట పని తీరలేదని తేటపడుతుంది. లోయర్ ట్యాంక్‌బండ్ రోడ్డున నిలబడితే చెరువు కనబడదు. నిటారుగా లేచిన కట్ట ఒడ్డే కనబడుతుంది. కట్ట పాదం దగ్గరే కట్టమైసమ్మ గుడి ఉంది. తెలంగాణలో చెరువుకట్టను కాచే దేవత మైసమ్మ. పైన రెయిలింగు పట్టుకుని నీటిని చూసేవారికి అది విహారస్థలం, కింద బతికేవారికి అది ఆనకట్ట. అలుగు దాటిన నీరు దోమలగూడ, అశోక్‌నగర్ మీదుగా నాలాలో మూసీకి పోతుంది. 2000 ఆగస్టు వానల్లో ఆ నాలా ఒడ్డు బస్తీలు మునిగినప్పుడు, కట్ట ఇంకా చెరువుకట్టేనని నగరానికి తెలిసొచ్చింది.

1930కి ముందూ బ్రిటిష్ రెసిడెన్సీకీ సికింద్రాబాదు దండుకూ మధ్య ఈ కట్టే దారి అన్న అభ్యంతరం ఉంది, కానీ దారి వేరు, విహారవీధి వేరు.

కాబట్టి విహారవీధిగా ట్యాంక్‌బండ్‌ను పాలకుల అభిరుచి ఒక్కటే సృష్టించలేదు. ఎగువన కట్టిన రెండు జలాశయాలు చెరువును తాగునీటి బాధ్యత నుంచి విడిపించి ఆ వీధికి చోటిచ్చాయి.  విగ్రహాల జాబితాలు పక్కనపెట్టి తూములు, అలుగులు, కాలువల రికార్డుల నుంచి నగర చరిత్రను తిరిగి రాయాలి. నీటిని వదిలేసిన నగర చరిత్ర సగం చరిత్రే.