మాజూన్ డబ్బా నుంచి విటమిన్ సీసా దాకా

నేను ఉర్దూ మీడియం టీచరును. నా తెలుగులో తప్పులుంటే సర్దుకుని చదవగలరు.

పోయిన రంజాన్ తర్వాత కోట్‌పల్లిలో మా చాచా ఒక సీసా నా చేతిలో పెట్టి, "దీని మీద ఏం రాసుందో చదువు బేటా" అన్నారు. దుబాయి నుంచి కొడుకు పంపిండట. ముసలితనం దగ్గరికి రాదట! ఇంకో మాట మెల్లగా చెప్పారు: అది మొదలుపెట్టినంక బీపీ మాత్రలు మానేశారట. నాకు భయమైంది. అందుకే ఇట్లాంటి మందుల చరిత్ర కొంత వెతికి చూసినాను.

ఆయుష్షు కోసం ఏదో ఒకటి తినడం మనకు కొత్త కాదు. యునానీలో మాజూన్, ఖమీరా, జవారిష్ ఎప్పటినుంచో ఉన్నవి. మాజూన్ అంటే అరబీలో పిసికి కలిపినది అని అర్థం. ఇత్రీఫల్ అనే పేరైతే మన త్రిఫల నుంచే పుట్టింది. కరక్కాయ, తానికాయ, ఉసిరికాయ అరబ్బు దేశాలు తిరిగి, కొత్త పేరుతో మళ్ళీ మన ఇంటికే వచ్చినవన్నమాట. అయితే హకీములు డబ్బాతో మొదలుపెట్టేవారు కాదు. అస్బాబె సిత్తా జరూరియా అని ఆరు విషయాలు ముందు చూసేవారు: గాలి, తిండీ నీళ్ళు, ఒంటి కష్టం-విశ్రాంతి, మనసు స్థితి, నిద్ర-మెలకువ, విసర్జన. మాజూన్ ఆ తర్వాతి మాట.

ఇక విటమిన్ల సంగతి. 1918లో కూనూరులో మెక్‌కారిసన్ దొర మొదలుపెట్టిన చిన్న పరిశోధనశాల 1958లో హైదరాబాదుకు మారింది. 1969లో దానికి జాతీయ పోషకాహార సంస్థ అని పేరు పెట్టారు. మన జొన్నరొట్టె తినే పేదల్లో పెల్లగ్రా అనే జబ్బు కనిపించేది. మెడ మీద, చేతుల మీద, ఎండ తగిలిన చోటల్లా చర్మం నల్లబడి పొరలు లేస్తది, విరేచనాలు పడతవి, ముదిరితే మతి చెడుతది. అంతకుముందు అమెరికాలో మొక్కజొన్న తినే బీదల్లో ఇదే జబ్బును గోల్డ్‌బర్గర్ డాక్టరు పరిశీలించి, అంటురోగం కాదు, తిండి లోపమని చూపించారు. ఆ లోపం నియాసిన్ అనే విటమినుదని 1937లో తేలింది. 1960లో హైదరాబాదు డాక్టర్లు గోపాలన్, శ్రీకంఠయ్య జొన్నలో ఎక్కువగా ఉండే లూసిన్‌కు దీనితో సంబంధం ఉందని రాశారు. దాని మీద తర్వాత చర్చ నడిచింది గానీ, నియాసిన్ ఇస్తే రోగి తేరుకోవడంలో మాత్రం సందేహం లేదు. జొన్నరొట్టెతో పాటు పల్లీలు, కందిపప్పు, పాలు, ఎప్పుడైనా ఇంత మాంసం దొరికిన ఇంట్లో ఆ జబ్బు భయం తక్కువ.

చాచా సీసా మీద ఎన్.ఎం.ఎన్. అని ఉంది. వెతికితే తెలిసింది, అది ఆ నియాసిన్ చుట్టమే! లోపం ఉన్నవానికి నియాసిన్ ప్రాణం పోస్తది. లోపం లేనివానికి దాని చుట్టం ఆయుష్షు పెంచుతదని మనుషుల్లో ఇంతవరకు రుజువు కాలేదు. ఎక్కువ మింగితే మేలే కదా అనేవారికి ఫిన్లాండ్ సంగతి చెప్పాలి. అక్కడ సుమారు 29,000 మంది పొగ తాగే మగవారి మీద పరీక్ష చేశారు. బీటా కెరోటిన్ మాత్రలు వేసుకున్నవారిలో ఊపిరితిత్తుల క్యాన్సర్ తగ్గలేదు, 18 శాతం పెరిగిందని 1994లో బయటపడింది.

ఇదంతా చాచాకు ఉర్దూలో చెప్పడానికి ఒక సాయంత్రం పట్టింది. మరునాడు ఆయన్ని దవాఖానకు తీసుకుపోయినాను. బీపీ మాత్రలు మళ్ళీ మొదలైనవి. సీసా మాత్రం అల్మారాలోనే ఉంది. కొడుకు సెలవుకు వస్తే అడుగుతడు కదా అంటారు.