రెండు మొనల మధ్య

లేత్ మెషీను మీద నేను మొదటిసారి చెయ్యి వేసింది ముప్ఫై నాలుగో ఏట, అమెరికాలో ఓ కమ్యూనిటీ కాలేజీ సాయంకాలం క్లాసులో. చెప్పుకోడానికి సిగ్గే. మా నాన్న విజయవాడ ఆటోనగర్లో టర్నరు. "ఈ నూనె చేతులు నీకొద్దురా" అంటూ నన్ను షెడ్డు గడప తొక్కనిచ్చేవారు కాదు.

మొదటి రోజే బోల్తా పడ్డాను. స్పిండిల్లోకి సెంటరు నెట్టి, దానికీ టెయిల్‌స్టాకు సెంటరుకీ మధ్య కడ్డీ బిగించి సగం చెక్కాను. కడ్డీని తిరగేసి పెట్టి రెండో సగం చెక్కితే రెండు సగాలకీ పొత్తు కుదర్లేదు. ఫోన్లో చెప్తే నాన్న అడిగింది ఒక్కటే ప్రశ్న: "సెంటరు పెట్టేముందు కన్నం తుడిచావా?"

తుడవలేదు. లోపల ఓ ఇనుప రజను ఇరుక్కుంది. సెంటరు మొన పక్కకి జరిగింది.

ఆ రాత్రి మొదలుపెట్టిన చదువు ఎక్కడెక్కడికో పోయింది. ఆ కన్నం వాలుని మోర్స్ టేపరు అంటారు. స్టీఫెన్ మోర్స్ 1860లలో ఇచ్చిన కొలత. బోల్టూ నట్టూ అక్కర్లేదు, వాలు ఒరిపిడికే సెంటరు బిగుసుకుంటుంది. అడుగుకి దాదాపు 5/8 అంగుళం వాలు అంటారు గానీ, ఒకటో నంబరుకి 0.5986, అయిదో నంబరుకి 0.6315. నూటయాభై ఏళ్ళు దాటినా ఎవరూ సరిచెయ్యలేదు. మన సాఫ్ట్‌వేర్ వాళ్ళని మాత్రమే తిడతారు!

అసలు విశేషం ఇంకా వెనక ఉంది. ఈజిప్టులో పెటోసిరిస్ సమాధి గోడ మీద, క్రీ.పూ. 4వ శతాబ్ది చివరినాటి బొమ్మలో ఒకడు తాడు లాగుతుంటే ఇంకొకడు ఉలి పట్టాడు. మంచం కోళ్ళు తరిమెన పట్టే మన పాతకాలపు పద్ధతీ ఇంచుమించు అదే. అక్కడ రెండు మొనలూ కదలవు, చెక్క ఒక్కటే తిరుగుతుంది. తర్వాత స్పిండిలు వచ్చింది, ఎడమ సెంటరు దాంతో పాటు తిరగడం మొదలుపెట్టింది. బలమూ వేగమూ పెరిగాయి, కానీ స్పిండిలు బేరింగులో ఉన్న వంకర పనిలోకీ దిగింది. అందుకే అతి ఖచ్చితంగా ఉండాల్సిన ఇరుసుల్ని గ్రైండింగు మెషీన్లు ఈనాటికీ కదలని రెండు మొనల మధ్యే పట్టుకుంటాయి.

కదలని మొనకి ఓ చిక్కుంది. ఒరిపిడికి కడ్డీ వేడెక్కి సాగుతుంది, చూసుకోకపోతే మొన కాలిపోతుంది. పాతవాళ్ళు కొవ్వు రాసేవారు. ఇప్పుడు బేరింగులున్న రివాల్వింగ్ సెంటరు ఉంది. నాన్నకి దాని మీద పెద్ద గౌరవం లేదు.

రెండో కడ్డీ బాగా వచ్చింది. ఫోటో పంపాను.

"బాగుంది. చివర్ల సెంటరు కన్నాలు అలాగే ఉంచావుగా? పదేళ్ళకి అరిగితే, ఎవడో మళ్ళీ దాన్ని అదే ఇరుసు మీద ఎక్కించాలి కదరా."

అందంగా ఉంటుందని అప్పటికే రెండు చివర్లూ కోసేశాను.