ఇవాంజెలికల్ అంటే ఎవరు?

గ్రీకు యువాంగెలియోన్‌కు మన సువార్త అచ్చుగుద్దినట్టు సరిపోతుంది: యు అంటే సు, అంగెలియోన్ అంటే వార్త. మొదట్లో అది రాచకొలువు మాట కూడా. ఆసియా మైనర్‌లోని ప్రియేనేలో దొరికిన క్రీ.పూ. 9 నాటి శాసనం, అగస్టస్ పుట్టినరోజుతోనే లోకానికి శుభవార్తలు మొదలయ్యాయని అంటుంది.

నామవాచకంతో పేచీ లేదు. చిక్కంతా విశేషణంతోనే. తెలుగులో సువార్తికుడంటే ప్రకటించే పని మీద ఉన్న మనిషి. ఇవాంజెలికల్ అంటే ఒక పక్షం. దానికి మనం తెలుగు మాట చేసుకోనే లేదు. పోనీ, ఇంగ్లీషు మాటకైనా ఒకే అర్థం ఉందా? గుంటూరు కేంద్రంగా 1927లో ఏర్పడిన ఆంధ్ర ఇవాంజెలికల్ లూథరన్ చర్చి పేరులో ఉన్నది లూథర్ నాటి అర్థం: పోపు అధికారానికి కాక సువార్తకు కట్టుబడ్డవాళ్లని. జర్మన్లు తెలివిగా రెండు మాటలు పెట్టుకున్నారు. ఎవాంగెలిష్ అంటే ప్రొటెస్టెంటు; ఎవాంగెలికాల్ ఇంగ్లీషు దారిన వచ్చిన కొత్త అర్థానికి.

ఆ కొత్త అర్థం 18వ శతాబ్దపు బోధకులు వెస్లీ, వైట్‌ఫీల్డ్‌ల ఉజ్జీవంలో పుట్టినా, ఇప్పటి రూపానికి వచ్చింది 1940లలో, అమెరికాలో. 1920లో అక్కడి ఛాందసులు గర్వంగా పెట్టుకున్న పేరు ఫండమెంటలిస్టు. 1925లో పరిణామవాదం బోధించాడని టెన్నెసీలో స్కోప్స్ అనే పంతులు మీద నడిచిన కేసు తర్వాత ఆ పేరు నవ్వులపాలైంది. 1942లో నేషనల్ అసోసియేషన్ ఆఫ్ ఇవాంజెలికల్స్ పెట్టినవాళ్లు పాత మాటనే దుమ్ము దులిపి వాడుకున్నారు.

పేరు మారితే చాలదన్నవాడు కార్ల్ హెన్రీ. ఆయన మొదట పత్రికా రచయిత. వార్త విలువ తెలిసినవాడు. వంద పేజీలైనా లేని ఆయన 1947 నాటి పుస్తకంలో ఒక సంగతి ఉంది. యుద్ధం, జాతిద్వేషం, సారా వ్యాపారం, శ్రమదోపిడీ లాంటివాటిని ఖండిస్తూ గత ఆరు నెలల్లో ఎంతమంది ప్రసంగించారని, వందమందికి పైగా పాస్టర్లున్న సభలో ఆయన అడిగాడు. ఒక్క చెయ్యీ లేవలేదు. ఆ ఏడే పాసడీనాలో ఫుల్లర్ సెమినరీ, 1956లో ఆయన సంపాదకత్వంలో క్రిస్టియానిటీ టుడే పత్రిక వచ్చాయి.

1989లో చరిత్రకారుడు బెబింగ్టన్ ఈ పక్షానికి నాలుగు గుర్తులు చెప్పాడు: మారుమనస్సు, బైబిలు, సిలువ, చురుకైన సేవ. అందరూ అప్పజెప్పే జాబితా ఇది. ఇందులో ఆలోచనకు పీటేదీ? 1994లో మరో చరిత్రకారుడు మార్క్ నోల్ బాధ కూడా అదే. ఆయన బయటివాడు కాదు, ఇంటివాడే.

ఈలోగా ఇవాంజెలికల్ అన్న మాట రాజకీయాల పాలైంది. 2017లో ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయంలోని ఒక విద్యార్థి సంఘం తన పేరులో ఇవాంజెలికల్ తీసేసి క్రిస్టియన్ అని పెట్టుకుంది.