పలువురి చేతులు, ఒక్క ప్రతి

సికిందరాబాదులోని పద్మారావు నగరులో ఒక యువకుడు ఇంటనే కూర్చుండి కంప్యూటరు ప్రోగ్రాము వ్రాయుచుండును. అదే ప్రోగ్రామును ఆ దినముననే మరియొక ఊర వేరొకరు దిద్దుచుందురు. ఒకరి వ్రాతను మరియొకరు చెరుపకుండుట ఎట్లు? ఈ ప్రశ్న మనకు క్రొత్తగా తోచును గాని, తాళపత్రముల నాటినుండియు ఉన్నదే.

కావ్యములను ఎత్తి వ్రాసిన లేఖకులు కొందరు పొరపాటున, కొందరు బుద్ధిపూర్వకముగను పాఠమును మార్చిరి. ఎవరు మార్చినదియు సాధారణముగా ప్రతిలో కనబడదు. పందొమ్మిదవ శతాబ్దమున చార్లెస్ ఫిలిప్ బ్రౌను కడపలోని తన బంగళాయందు పండితులను, లేఖకులను చేర్చి, సొంత సొమ్ముతో జీతము లిచ్చెను. ఒక్కొక్క కావ్యమునకు పలు ప్రతులు తెప్పించి, పాఠభేదములు వ్రాయించి, పండితులతో చర్చించి పాఠమును నిర్ణయించుచుండెను.

కంప్యూటరు రంగమున ఇట్టి పనికి 1972లో బెల్ ప్రయోగశాలలయందు మార్క్ రాకిండ్ ఎస్.సి.సి.ఎస్. అను సాధనమును నిర్మించెను. ప్రతి మార్పును అది విడిగా భద్రపరచును; కనుక పాత ప్రతిని ఎప్పుడైనను మరల పొందవచ్చును. అయితే ఒకరు దిద్దుచున్నంత సేపు ఇతరులు వేచియుండవలసి వచ్చెడిది. 1986లో డిక్ గ్రూన్ విడుదల చేసిన సి.వి.ఎస్. పలువురు ఒకేసారి దిద్దుటకు వీలు కల్పించెను. 2005 ఏప్రిలులో లినస్ టోర్వాల్డ్స్ లినక్సు పనికొరకు గిట్ అను సాధనమును ఆరంభించెను. దీనియందు మార్పుల చరిత్ర యంతయు పనివారిలో ప్రతివాని యొద్దను ఉండును.

ఇరువురు ఒకే పంక్తిని వేర్వేరుగా మార్చినచో గిట్ తీర్పు చెప్పదు. రెండు పాఠములను చూపి ఆగును. కడప బంగళాలో వలెనే ఇచ్చటను మనుష్యులే నిర్ణయింపవలెను.

నిర్ణయము తప్పు కావచ్చును. బ్రౌను సేకరించిన ప్రతులు అనేకము నేటికిని చెన్నైలోని ప్రాచ్య లిఖిత పుస్తక భాండాగారమున కలవు. కావుననే ఆయన ఎంచుకొన్న పాఠమును మనము నేడు ప్రశ్నింపగలుగుచున్నాము. ప్రోగ్రాముల విషయమునను ఇంతియే. మార్చిన వాని పేరును, తేదీని యంత్రము వ్రాసికొనును. ఎందుకు మార్చితిమో మాత్రము మనమే వ్రాయవలెను. ఆ యొక్క వాక్యము వ్రాయుటకు బద్ధకించినచో, చరిత్ర యంతయు భద్రముగా నున్నను, తరువాతి వానికి మరల తాళపత్రముల నాటి చిక్కే మిగులును.