చెరువులు ముందు, చట్టం తర్వాత

నెల్లూరు తీరంలో ఇవాళ కొత్తగా రొయ్యల చెరువు తవ్వాలంటే రిజిస్ట్రేషన్ కావాలి, సముద్రపు పోటు గీతకు 200 మీటర్ల అవతల ఉండాలి. ఈ చిన్న నిబంధన పుట్టిన తీరు చూస్తే, ఏఐ కంపెనీలకు చట్టం ఎప్పుడొస్తుందో కాదు, ఎలాంటిదొస్తుందో అర్థమవుతుంది.

1990ల మొదట్లో నెల్లూరు జిల్లాలో సముద్ర ఉత్పత్తుల ఎగుమతి సంస్థ ఎంపెడా ప్రయోగాత్మకంగా టైగర్ రొయ్యను సాగు చేసింది. లాభం కళ్లకు కట్టింది. షేర్లు అమ్మి డబ్బు పోగేసిన కంపెనీలు తీరానికి దిగాయి. 1991 తీరప్రాంత నియంత్రణ నోటిఫికేషన్ ఉందిగానీ, అందులో రొయ్య ఊసే లేదు. కుర్రు గ్రామంలో 600 మంది మత్స్యకారులకు తాగే నీళ్లు ఉప్పుబారాయి. గొడవ చేస్తే ట్యాంకర్లు పంపారు. అప్పటికి నియంత్రణంటే ఆ ట్యాంకరే!

1994లో తమిళనాడు సర్వోదయ నేత ఎస్. జగన్నాథన్ సుప్రీంకోర్టుకెక్కారు. కేసు నడుస్తుండగానే తెల్లమచ్చ తెగులు చెరువుల్ని ఊడ్చేసింది. 1996 డిసెంబర్ 11న తీర్పొచ్చింది: తీర నియంత్రణ పరిధిలోని చెరువుల్ని 1997 మార్చి 31లోగా తీసేయాలి, కాలుష్యం చేసినవాళ్లే నష్టం కట్టాలి.

తీయలేదు. రివ్యూ పిటిషన్లతో కూల్చివేత ఆగింది. 2005లో తీర ఆక్వా సాగుకు చట్టం చేశారు. దాని 27వ సెక్షన్ తీరిగ్గా చదవాల్సిన సంగతి. 1991 నోటిఫికేషన్‌నే వెనక తేదీతో దిద్ది, తీరంలో రొయ్యల సాగు మొదటినుంచీ నిషేధం కానట్టు రాసుకున్నారు. అప్పటికే ఉన్న చెరువులకు 200 మీటర్ల లెక్క లేదు. 2023 సవరణతో జైలుశిక్ష కూడా పోయింది, జరిమానా మిగిలింది.

ఇప్పుడు చెరువుల్లోకి ఏఐ వచ్చింది. నీళ్లలో వేలాడే మైకు రొయ్య మేత కొరికే చప్పుడు విని, ఇంకెంత వెయ్యాలో ఆటోఫీడర్‌కు చెబుతుంది. మేత ఎంత మిగిలిందో చెక్ ట్రే ఎత్తి చూసే మనిషికి ఆ పని తగ్గింది. యంత్రం లెక్క తప్పి మేత కుళ్లితే నష్టం ఎవరిది? దూరాలు కొలిచే ఆ చట్టంలో దీనికి జవాబు లేదు.

ఏఐ మోడళ్లు తయారుచేసే పెద్ద కంపెనీల సంగతైతే మరీ విడ్డూరం. పరీక్షలు పూర్తికాని మోడళ్లకు అనుమతి తీసుకోవాలని కేంద్రం 2024 మార్చి 1న చెప్పింది, 15కల్లా ఆ మాట వెనక్కి తీసుకుంది. 2025 అక్టోబర్‌లో గూగుల్ విశాఖ ఏఐ హబ్‌కు 1,500 కోట్ల డాలర్లు ప్రకటించింది. ప్రత్యేక చట్టం ప్రస్తుతానికి అక్కర్లేదని నవంబర్‌లో కేంద్రం మార్గదర్శకాలిచ్చింది. యూరప్ మాత్రం 2024లోనే చట్టం తెచ్చింది, జరిమానా ప్రపంచ టర్నోవర్‌లో 7 శాతం దాకా ఉంది.

పెట్టుబడి వద్దనడం లేదు. రొయ్య కూడా ఈ తీరానికి కూడు పెట్టింది. కానీ డబ్బు దిగిపోయాక కూర్చుని రాసే చట్టంలో మరో 27వ సెక్షన్ దూరుతుంది. మోడల్ విడుదలకు ముందే రిజిస్ట్రేషన్, నష్టానికి బాధ్యులెవరో కాగితం మీద ఉండాలని ఇప్పుడే అడగాలి. చెరువు రైతును అడుగుతున్నది అంతే కదా.